పొదలోకి దూరే కుక్క కోసం వఫ్రా దాకా

కువైట్ వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి అందరూ బంగారం ధర అడుగుతున్నారు. ఖర్జూరాలు ఏవీ అంటున్నారు. పద్దెనిమిది రోజుల్లో నేను ఎక్కువగా చూసింది కుక్కల్నే అనీ, అక్కడ ఉన్నన్నాళ్లూ మనసు మనసులో లేదనీ చెబితే ఎవరూ నమ్మడం లేదు. అందుకే వివరంగా రాసిపెడుతున్నాను.

నేను పశువైద్యురాలిని. ముప్పై రెండేళ్లు జగిత్యాల చుట్టుపక్కల మండలాల్లో పనిచేసి రిటైరయ్యాను. వైద్యమంతా బర్రెలకు, ఆవులకు, మేకలకు చేశాను. కుక్కల సంగతంటారా, పిచ్చికుక్క టీకాలు, అప్పుడప్పుడు ఎవరింట్లోనో పొమరేనియన్‌కు కడుపునొప్పి, అంతే. వేటకుక్క పని చేస్తుంటే చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి మా అల్లుడికి తెలియదు.

సాల్మియాలో చలి

ఎడారి దేశం కదా అని పెట్టె నిండా నూలు చీరలు సర్దుకుని వెళ్లాను. ఫిబ్రవరి గాలికి పళ్లు టకటకలాడాయి. అల్లుడి స్వెటర్ చీర మీద తొడుక్కుని, చేతులు మడతపెట్టుకుని, సాల్మియాలో మా అమ్మాయి వాళ్లింట్లో సోఫాలో ముడుచుకుని కూర్చున్నాను. మా అమ్మాయి శ్రావణి నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

మా అల్లుడు ప్రదీప్‌ది విజయవాడ. కువైట్‌లో ఒక నిర్మాణ కంపెనీలో ఇంజనీరు. మొదటి రోజు భోజనాల దగ్గర మెల్లగా సంగతి బయటపెట్టాడు.

"మా మేనేజరు సాలెం అని ఉన్నారండి, వాళ్ల నాన్నగారికి వఫ్రాలో తోట ఉంది అత్తయ్యగారూ. పెద్దాయన్ని అందరూ అబూ సాలెం అంటారు, సాలెం తండ్రి అని. ఆయనకి పొదల్లోంచి పిట్టల్ని లేపే కుక్క కావాలంట. ఏ జాతిది కొనాలో మీరు చెబితే చాలండి."

"నేనెందుకు చెప్పాలె?"

"మీకు తెలియని కుక్క లేదని నేను చెప్పేశానండి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పుడే నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ అల్లుడి ఎదుట, వియ్యంకులు వీడియో కాల్‌లో వింటుండగా, నాకు రాదు అనడానికి నోరు రాలేదు. "చూద్దాం లే" అన్నాను. ఇలాంటి చోట నోరు పెగలకపోవడం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే.

ప్రదీప్ చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే శ్రావణి నా వైపు వంగింది. "అమ్మా, నిజంగ నీకు తెలుసా?"

"కాలేజీల చదివిన."

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టకముందు."

మర్నాడు అల్లుడు ఆఫీసుకు వెళ్లగానే ఫోన్ ముందేసుకుని పరీక్షకు చదివినట్టు చదివాను. అర్థమైనంత వరకు ఇదీ సంగతి. వేటకుక్కలన్నీ ఒకే పని చెయ్యవు. కొన్ని కంటితో చూసి, బయట బయలులో తరుముతాయి. కొన్ని పిట్ట వాసన తగలగానే కాలెత్తి కదలకుండా నిలబడి చూపిస్తాయి. చిక్కటి పొదలోకి, ముళ్లలోకి తల దూర్చి, దాక్కున్న పిట్టను పైకి ఎగరగొట్టేవి వేరే. స్ప్రింగర్, కాకర్ అనే స్పానియల్ జాతులు ఆ పనికే పెట్టింది పేరు. రెండింటికీ వేలాడే చెవులు, ఒత్తయిన బొచ్చు. పుట్టింది చలి దేశాల్లో. ఆ బొచ్చు బొమ్మలు చూస్తుంటేనే నాకు దిగులు మొదలైంది. ఇక్కడ జూలైలో ఎంత ఎండ ఉంటుందని శ్రావణిని అడిగాను. యాభై అంది.

శుక్రవారం సంత

షువైఖ్ అనే పేట పక్కనే శుక్రవారం పెద్ద సంత జరుగుతుంది. పాత సోఫాలు, తివాచీలు, కోళ్లు, పావురాలు, చిలకలు, ఒక మూల మేకలు, ఇంకో మూల కుక్కలు. మన అంగట్లో లాగే బేరం, అరుపులు, దుమ్ము. టీ వంద ఫిల్సులు, అంటే దినారులో పదోవంతు. ఖుబ్బూస్ రొట్టెను అప్పటికప్పుడు కాల్చి కాగితంలో చుట్టి ఇస్తే, నడుస్తూ తినేశాం.

అక్కడే మొదటిసారి సలూకీ అనే అరబ్బు వేటకుక్కను చూశాను. సన్నటి నడుం, పొడుగాటి కాళ్లు, మూతి మీద పెద్దింటి కోడలి గాంభీర్యం. అరబ్బులకు ఈ కుక్కంటే గౌరవం. మిగతా కుక్కల్ని గడప తొక్కనివ్వని ఇళ్లలో కూడా దీని మాట వేరని అమ్మేవాడు హిందీలో చెప్పాడు. "పొదలోకి పోతదా?" అని అడిగాను. అతను నన్ను వింతగా చూసి, "ఎడారిలో పొద ఎక్కడిది బెహన్‌జీ?" అన్నాడు.

నా గాభరా ఎక్కువైంది. లేని పొదలో దూరడానికి చలి దేశపు కుక్క కావాలా? అడిగితే ప్రదీప్ వివరం చెప్పాడు. అబూ సాలెం ఏటా చలికాలం స్నేహితులతో కలిసి, అనుమతులు తీసుకుని వేరే దేశం వెళ్తాడు. అక్కడ పొదలే పొదలు. మిగతా పదినెలలూ కుక్క ఉండేది మాత్రం వఫ్రా తోటలోనే.

ఆ రోజు నాకు కాస్త ఊరట దొరికింది మేకల దగ్గరే. ఒకటి కుంటుతుంటే ఆగలేక కాలు పట్టుకుని చూశాను. గిట్టల మధ్య పుండు. మందేమిటో, ఎలా కడగాలో యజమానికి చెప్పాను. అతను డబ్బుకు బదులు నాకు రెండు దోసకాయలు ఇచ్చాడు. వాటిని పట్టుకుని ప్రదీప్ మొహం చూశాను. అల్లుడి కళ్లలో నా మీద నమ్మకం ఇంకా పెరిగిపోయింది. ఇక తప్పించుకునే దారి మూసుకుపోయినట్టే.

సబ్హాన్ గోదాము

ఆదివారం సబ్హాన్ వెళ్లాం. గోదాములు, వర్క్‌షాపులు, లారీలు. ఒక గోదాములో ఈజిప్టు వ్యాపారి ఒకాయన విదేశీ కుక్కల్ని తెప్పించి అమ్ముతాడు. లోపల మన ఏసీ థియేటరంత చల్లగా ఉంది. నా ముందు మూడు కుక్కల్ని నిలబెట్టాడు. తెలుపూ నలుపూ కలిసిన స్ప్రింగర్, మంచి ఒడ్డూ పొడుగూ. పొట్టి బొచ్చు పాయింటర్. మూడోది ఎర్రమట్టి రంగు ఆడ కాకర్, మిగతావాటి మోకాలి ఎత్తుకు కాస్త పైన. "ఏది డాక్టర్?" అన్నాడు. పళ్లు చూశాను, చెవుల్లోకి తొంగి చూశాను, ఊపిరి విన్నాను. ఏమీ తేల్చకుండా తలాడించాను.

ఖాళీ బోనులు ఎక్కించుకోవడానికి పికప్ తెచ్చిన మనిషి, నేను ప్రదీప్‌తో అంటున్న మాట విని గిరుక్కున తిరిగాడు. నలభై అయిదేళ్లుంటాయి, ఎండకు నల్లబడి ఎండిన మొహం.

"మేడం, మీది జగిత్యాల దిక్కా?"

"అవును. నీదేవూరు?"

"కోరుట్ల పక్కపొంటి. నా పేరు లింబాద్రి. బాబా తోటల నేనే కుక్కల్ని సూస్కుంట. పద్నాలుగేండ్లాయె." యజమానిని అక్కడ పనివాళ్లు బాబా అంటారు. అంటే ఇతను అబూ సాలెం మనిషే.

ప్రదీప్ వ్యాపారితో మాట్లాడుతుండగా లింబాద్రి గొంతు తగ్గించాడు. "మేడం, జర మంచిది సూసి చెప్పుండ్రి. పోయిన ఆగస్టుల ఇసొంటి పెద్దదే సచ్చింది, నా చేతులనే. ఇది గిట్ల సచ్చిందంటే ఖలాస్, ఇఖామా రెన్యూ చెయ్య, ఇంటికి పొమ్మన్నడు బాబా. మా బిడ్డ కరీంనగర్ల నర్సింగ్ సదువుతుంది. ఇంక రెండేండ్లున్నది."

అక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామా. అది యజమాని చేతిలో ఉంటుంది. నేను ఏ కుక్క పేరు చెబుతానో దాని మీద ఈ మనిషి తిండి ఆధారపడి ఉందని అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నాది అల్లుడి ముందు పరువు పోతుందన్న బెంగే. ఈ మనిషి బతుకు ముందు ఆ బెంగ ఏ మూలకూ రాదు.

వఫ్రా

రెండు రోజుల తర్వాత వఫ్రా వెళ్లాం. దేశానికి దక్షిణపు కొస. దారికి అటూ ఇటూ ఇసుకలో చలికాలపు గుడారాలు. ఇళ్లున్నవాళ్లే ఇళ్లు వదిలి సరదాకి గుడారాల్లో ఉంటారట. మనవాళ్లు దసరా సెలవులకు ఊరికి పోయినట్టు ఎడారికి వస్తారు. వఫ్రా చేరేసరికి ఇసుక పోయి పచ్చదనం మొదలైంది. టమాటాలు, దోసకాయలు, పశువుల గడ్డి మళ్లు. ఇసుకగాలికి అడ్డంగా గుబురుగా పెంచిన అథల్ చెట్ల వరసలు.

అబూ సాలెంకు డెబ్బై దాటి ఉంటాయి. మర్యాదస్తుడు. అరబ్బీ తప్ప ఇంకో మాట రాదు. ప్రదీప్ అరబ్బీ సలాము దగ్గర మొదలై, పదండి అనే యల్లా దగ్గర ఆగిపోతుంది. అందుకని నా మాట పెద్దాయనకూ, ఆయన మాట నాకూ చెప్పే పని లింబాద్రి మీద పడింది.

ముందు కాఫీ వచ్చింది. పిడికిలిలో ఇమిడే కప్పు, యాలకుల వాసన, చేదు. తాగడం అవగానే మళ్లీ పోశారు. వద్దంటే ఏమనుకుంటారో అని తాగాను. ఏడో కప్పుకు నా గుండె దడదడలాడుతుంటే లింబాద్రి జాలిపడి, "కప్పు ఊపి ఇయ్యుండ్రి మేడం, లేకుంటె పోస్తనే ఉంటరు" అన్నాడు. మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టన్నమాట. ఊపాను. ప్రాణం కుదుటపడింది.

పెద్దాయన ప్రదీప్‌ను తోట చూపించడానికి తీసుకెళ్లాడు. నేను లింబాద్రి గదిలో అన్నం తిన్నాను. రేకుల గది, ఒక మంచం, గోడకు కూలర్. పచ్చిపులుసు, టమాటా కూర. టమాటాలు ఆ తోటవే. ఇంటి నుంచి వచ్చాక నోటికి హితవుగా తిన్న తిండి అదే. తింటుండగా అడిగాను, ఆ కుక్క ఎట్ల పోయిందని.

చాలాసేపు పులుసు కలుపుతూ కూర్చున్నాడు.

"ఉక్క మేడం ఆ దినం. సముద్రం దిక్కు నుంచి గాలి, ఒళ్లంత జిగటజిగట. కుక్కల షెడ్డుల ఫ్యానే ఉన్నది. అది నాలుక ఇంత బయటికేసి రొప్పుతుంది. నేను ఉరికి రెండు గోనెసంచులు తడిపి తెచ్చి మీద కప్పిన. ఎండకాలం బర్రెలకు కప్పమని మీసొంటి డాక్టర్లే చెప్తరు గద, టీకాల క్యాంపుల. నీళ్లు పోసుకుంట కూసున్న. అయినా పానం పోయింది." ఆగి, "సంచి సంగతి ఎవ్వలికి చెప్పలే మేడం. మీరు సుత చెప్పకుండ్రి" అన్నాడు.

బర్రెకు బొచ్చు తక్కువ. దాని ఒంటి మీది తడి గాలికి ఆరుతూ చల్లబరుస్తుంది. కుక్క అలా కాదు, నోటితో రొప్పే వేడి దించుకుంటుంది. ఒత్తు బొచ్చు మీద, గాలి ఆడని ఉక్కలో తడి సంచి పడిందంటే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. అతను రక్షించాలని చేసిన పనే కుక్క ప్రాణం తీసింది. అంతకంటే నన్ను వణికించింది ఇంకొకటి. ఎన్ని క్యాంపుల్లో ఎంతమందికి ఆ తడి గోనెసంచి మాట నేను చెప్పానో లెక్కలేదు. ఆ రోజు ఆ షెడ్డులో నేనున్నా ముందు గోనెసంచి కోసమే పరుగెత్తేదాన్ని.

విషయం అతనికి విడమరిచి చెప్పాను. తల వంచుకుని విన్నాడు. చెయ్యి కడగడం కూడా మర్చిపోయి అట్లాగే కూర్చున్నాడు.

పరీక్ష

వ్యాపారి మూడు కుక్కలతో వచ్చాడు. ఫారంలో పెంచిన కౌజు పిట్టల్ని అథల్ చెట్ల కింది గుబురులో, ఎండుకొమ్మల మధ్య వదిలారు. అబూ సాలెం సలూకీ ఒకటి దూరంగా తివాచీ మీద పడుకుని ఇదంతా మనకెందుకన్నట్టు చూస్తోంది.

పాయింటర్ గుబురు అంచుదాకా పోయి, కాలెత్తి, బొమ్మలా నిలబడింది. పిట్ట లోపలే ఉంది, కుక్క బయటే ఉంది. కొమ్మల్లోకి అడుగు పెట్టలేదు. స్ప్రింగర్ వచ్చిందయ్యా, తుపాను! కొమ్మలు విరుచుకుంటూ దూరి, వరసపెట్టి పిట్టల్ని లేపేసింది. అబూ సాలెం మోకాలి మీద చెయ్యి చరిచాడు. ఆయన మనసు దాని మీదే పడిందని తెలిసిపోయింది. కాకర్ వంతు వచ్చేసరికి దాన్ని చూసి నవ్వాడు. అది మాత్రం పొట్ట నేలకు ఆనించి, కొమ్మల కింద సందుల్లోంచి పాకి, స్ప్రింగర్ వదిలేసిన మూలలోంచి పిట్టను లేపింది. లేపిన వెంటనే కూర్చుని వ్యాపారి వైపు చూసింది.

జాతుల గురించి నాకు తెలిసింది నాలుగు రోజుల చదువు. థర్మామీటర్ సంగతి ముప్పై రెండేళ్లుగా తెలుసు. సంచిలోంచి తీసి రెండు స్పానియళ్ల తోకలెత్తాను. పెద్దమనిషి చప్పున మొహం పక్కకు తిప్పుకున్నాడు. స్ప్రింగర్‌కు నూట అయిదున్నర, కాకర్‌కు నూటనాలుగు. మామూలుగా కుక్కకు నూట రెండు చుట్టూ ఉంటుంది. నీడలో కట్టేసి గడియారం చూస్తూ కూర్చున్నాను. కాకర్ పావుగంటలో మామూలుకు వచ్చేసింది. స్ప్రింగర్‌కు ముప్పావుగంట పట్టింది. అదీ నేను స్వెటర్ వేసుకుని కూర్చున్న చలిలో.

చిన్నది అని చెబుదామని నోరు తెరిచేలోగా అబూ సాలెం నన్ను ఏదో అడిగాడు. లింబాద్రి పెదవులు తడుపుకున్నాడు.

"పాత కుక్క ఎందుకు సచ్చిందని అడుగుతున్నడు మేడం. జాతి తప్పా, నా తప్పా అని."

ఆ ప్రశ్నను అతను ఒక్క ముక్క మార్చకుండా నా ముందు పెట్టాడు. "వేడికి చచ్చిపోయిందని చెప్పు" అన్నాను. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

లింబాద్రి పెద్దాయన వైపు తిరిగి మాట్లాడాడు. నేను అన్నది ఒక్క వాక్యం. అతను చెబుతూనే ఉన్నాడు. మధ్యలో రెండు చేతులూ చాపి, దేన్నో పరిచి కప్పుతున్నట్టు చూపించాడు. నాకు అరబ్బీ రాకపోయినా ఆ చేతులు అర్థమయ్యాయి.

"ఏం చెప్పినవ్ లింబాద్రీ?"

"ఉన్నది చెప్పిన మేడం. ఆర్నెల్లు మోసిన. ఇంక నాతోని గాదు."

అబూ సాలెం చూపు నా మీదికి మళ్లింది. రెండే మాటలు అన్నాడు.

"ఇది మీకు ముందుగాల తెలుసా అని అడుగుతున్నడు."

సిగ్గుతో నా మొహం మండిపోయింది. కూలీ మనిషి నిజం చెప్పాడు, డాక్టరమ్మ దాచింది. "తెలుసని చెప్పు. ఇవాళ అన్నం తినేటప్పుడు తెలిసింది. ఇంకోటి కూడా చెప్పు. నేనున్నా అదే చేసేదాన్ని. మా ఊళ్లల్ల ఆ మాట చెప్పిందే నాలాంటివాళ్లు. నేను బర్రెల డాక్టర్‌ని, కుక్కల డాక్టర్‌ని కాదు. అది కూడా చెప్పు."

"అత్తయ్యగారూ, ఇప్పుడివన్నీ అవసరమాండీ?" అన్నాడు ప్రదీప్, మొహంలో నెత్తురు చుక్క లేకుండా.

పెద్దాయన లేచి నమాజుకు వెళ్లాడు. ఆ కాసేపు మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తిరిగి వచ్చాక ఒకటే అడిగాడు, ఏ కుక్క అని. చిన్నది, అన్నాను. బొచ్చు కురచగా కత్తిరించాలి, మే నుంచి సెప్టెంబరు దాకా పగలంతా ఏసీ గదిలో ఉండాలి, అట్లా అయితేనే కొనమన్నాను. ఆయన కుటుంబం ఉండే ఇల్లు ముబారక్ అల్ కబీర్ అనే చోట ఉందట, ఎండాకాలం కుక్కను అక్కడికి తీసుకెళ్లమన్నాను.

"అది అయ్యేది గాదు మేడం," లింబాద్రి ఆయన్ను అడగకుండానే చెప్పాడు, "మామా కుక్కను ఇంట్లకు రానియ్యదు." మామా అంటే ఇంటావిడ. అబూ సాలెం కూడా తల అడ్డంగా ఊపాడు, కుక్క తోటలోనే ఉంటుందన్నాడు.

"అట్లైతే కొనొద్దని చెప్పు."

లింబాద్రి అదీ చెప్పాడు. పెద్దాయన చెయ్యి గుండె మీద పెట్టుకుని నాకు వీడ్కోలు చెప్పి, కారెక్కి వెళ్లిపోయాడు. కుక్కల్ని వ్యాపారి వెనక్కి తీసుకుపోయాడు.

మళ్లీ సాల్మియా

తర్వాతి అయిదు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. మేనేజరు ఆ ఊసే ఎత్తడం లేదని ప్రదీప్ రోజూ చెప్పేవాడు. శ్రావణి నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది, మచ్‌బూస్ అనే మాంసం అన్నం తినిపించింది. బాగుందన్నాను గానీ రుచి గుర్తులేదు. లింబాద్రి ఫోన్ ఎత్తలేదు. పంపించేశారేమోనని, నా నోటి మాట వల్ల ఆ పిల్ల చదువు ఆగిపోయిందేమోనని ఒకటే బెంగ.

ఆరో రోజు అతనే చేశాడు. "మేడం, ఏసీ తెచ్చిండ్రు. నా రూంల బిగిస్తున్నరు. పొద్దుగూకాల చిన్న కుక్క వస్తదట. అది నాతోనే పండాలె, నేనే సూసుకోవాలె అన్నడు బాబా."

"నీ ఇఖామా?"

"రెన్యూకి కాయితాలు అడిగిండు మేడం."

శ్రావణి వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చేంత గట్టిగా ఏడ్చాను.

తిరిగొచ్చాక

ఇప్పుడు జూన్. నా ఫోన్‌లో జగిత్యాల ఎండ కన్నా ముందు కువైట్ ఎండ చూస్తాను. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. రోజూ వాళ్ల మధ్యాహ్నం వేళకు లింబాద్రికి ఫోన్ చేస్తాను. కుక్క నీళ్లు తాగిందా, నాలుక రంగెట్లుంది, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, ఏసీ నడుస్తుందా. అతను ఓపికగా అన్నీ చెబుతాడు.

మొన్న ఫోన్ ఎత్తేసరికి నిద్రగొంతు. లేపినందుకు నొచ్చుకున్నాను.

"పర్వాలేదు మేడం. పద్నాలుగేండ్లల్ల ఎండకాలం పగటిపూట నాకు నిద్ర పట్టుడు ఇదే మొదలు. కుక్క పుణ్యాన ఏసీ వచ్చె" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ రేకుల గదిలో కూర్చుని అతని చేతి అన్నం తిన్నాను. గోడకున్న కూలర్ చూశాను. ఉక్క రోజున కూలర్ పనిచెయ్యదని నాకు తెలుసు. మే నుంచి సెప్టెంబరు దాకా కుక్క ఎట్లా బతకాలో పెద్దాయనతో వాదించాను. ఆ గదిలో పద్నాలుగు ఎండాకాలాలు మనిషి ఎట్లా ఉన్నాడని మాత్రం నాకు తోచనే లేదు. డాక్టరునని చెప్పుకునేదాన్ని, ఎంత గుడ్డిదాన్నో అనిపించింది.

"ఎట్లుంది పానం?" అని అడిగాను.

"మంచిగున్నది మేడం. ఇప్పుడే నీళ్లు తాగింది."

"కుక్క కాదు లింబాద్రీ, నువ్వు."

అటువైపు మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టున్నాడు.

"నేనా?" అన్నాడు.